రాణిగారి పుట్టింటి మనిషి

పర్శరాములన్నతో నేను తొమ్మిదేళ్లు ఒకే గదిలో ఉన్నాను. రాస్ అల్ ఖైమాలో, కొండల కింద, కంపెనీ క్యాంపు. ఆయనది కింది మంచం, నాది పై మంచం. తెల్లవారుజామున నేను నమాజుకు లేస్తే నా చెప్పులు చీకట్లో వెతుక్కునే పని లేకుండా తలుపు పక్కన జతగా పెట్టి ఉండేవి. ఎవరు పెడుతున్నారో కనిపెట్టడానికి నాకు రెండేళ్లు పట్టింది. అడిగితే, "కాళ్లకు అడ్డమొస్తున్నయ్ తమ్మీ" అన్నాడు. అంతకు మించి ఒప్పుకోలేదు.

అలాంటి మనిషి నాకు తెలిసి జన్మలో ఒక్కటే చెడ్డ పని చేశాడు. ఆరు పండ్లతో చేశాడు. ఊరికి వెళ్లిపోయే ముందు, "నేను పోయినంక రాసుకో, దాచుడెందుకు" అని నాతో అన్నాడు. అందుకని రాస్తున్నాను. ఎక్కువ తక్కువలుంటే పైవాడు మన్నించాలి.

ఆయనది కోరుట్ల దగ్గర పల్లె. నేతపని వాళ్లు. తండ్రి కాలంలోనే ఇంట్లో మగ్గం మూలబడింది. భార్య గౌరవ్వ బీడీలు చేసేది, ఈయన దుబాయ్ వచ్చాడు. మాకు ఎడారి ఎక్కడున్నా దుబాయే. యాభై నాలుగేళ్ల వయసులో ఆయన ఉద్యోగం పేరు ఆఫీస్ బాయ్. టీ పెట్టడం, బల్లలు తుడవడం, కాగితాలు ఒక గది నుంచి ఇంకో గదికి చేర్చడం. మాది కొరియా కంపెనీ, ఫ్యాక్టరీ కడుతున్నారు. నేను సైట్ వ్యాన్ డ్రైవర్‌ను. రోజూ వెళ్లేటప్పుడు ఇరవై నిమిషాలు, వచ్చేటప్పుడు ఇరవై నిమిషాలు ఆయన నా పక్క సీట్లో కూర్చుని చెప్పిన మాటలే ఇందులో చాలావరకు.

చిన్నప్పటి ముల్లు ఒకటి ఆయనకు ఉండేది. వాళ్ల కులపురాణం చెప్పే కూనపులి వాళ్లు కొన్నేళ్లకోసారి ఊరికి వచ్చి, బొమ్మలు గీసిన పొడుగాటి పటం కట్టి కథ చెప్పేవాళ్లట. కథ మధ్యలో కట్నం ఇచ్చిన ఇంటి పెద్దల పేర్లు గొంతెత్తి చదివేవాళ్లు. వీళ్ల పెదనాన్న ఇత్తడి బిందె ఇచ్చాడు, ఏడు తరాలు చదివారు. వీళ్ల నాన్న రెండు సేర్ల బియ్యం ఇచ్చాడు, రెండు తరాలు చదివి డోలు మీద దెబ్బ వేసి కథలోకి వెళ్లిపోయారు.

"మా పెద్దనాయినా మా నాయినా ఒక్క తల్లి పిల్లలే గద తమ్మీ" అనేవాడు నాతో. "ఆయనకు ఏడు తరాలుంటే మా నాయినకు రెండే ఎట్లుంటయ్?"

ఈ మాట నవ్వుతూనే చెప్పేవాడు. కానీ నలభై ఏళ్లుగా చెబుతున్నాడు.

హో సార్ మా సైటుకు 2021లో వచ్చాడు. అరవై ఏళ్లకు దగ్గరపడ్డ, బక్కపలచని మనిషి. అంతకుముందు ఢిల్లీ పక్కన నాలుగేళ్లు పనిచేసి వచ్చాడు, అక్కడ పట్టుబడిన హిందీతో మాతో మాట్లాడేవాడు. హో అనేది ఇంటిపేరు. మొదటిరోజు పర్శరాములన్న టీ తీసుకెళ్తే ఆయన లేచి కప్పును రెండు చేతులతో అందుకున్నాడు. వాళ్ల దేశంలో పెద్దవాళ్ల దగ్గర అలా తీసుకుంటారట. అప్పటికి అన్న గల్ఫ్‌లో పద్దెనిమిదేళ్లుగా టీ ఇస్తున్నాడు. రెండు చేతులతో ఎవరూ తీసుకోలేదు. ఆ సాయంత్రం వ్యాన్‌లో ఆ సంగతి మూడుసార్లు చెప్పాడు.

మధ్యాహ్నం అందరూ తిని కునుకు తీసేటప్పుడు హో సార్ లావాటి పుస్తకం ఒకటి ముందు పెట్టుకుని, పక్కన నోటుబుక్కులో రాసుకునేవాడు. ఏందని అడిగాడు అన్న. అది వాళ్ల వంశం పుస్తకం. మొదటి తాత దగ్గర నుంచి ఎవరికి ఎవరు పుట్టారో అన్నీ ఉంటాయి, తాను డెబ్బై రెండో తరం అని చెప్పాడు. పర్శరాములన్న చేతిలో ట్రే అలాగే ఉండిపోయింది. ఏడు కాదు, డెబ్బై రెండు.

ఇంకో వింత కూడా చూపించాడు. ఒక తరంలో పుట్టిన మగపిల్లలందరి పేర్లలో ఒక అక్షరం ఒకటే ఉంటుందట. దాన్నిబట్టి ఎక్కడో కలిసిన ముక్కూ మొహం తెలియని మనిషి కూడా మనకు అన్న వరసో తాత వరసో తెలిసిపోతుంది. మా సైటులోనే చిన్న హో అని ముప్పై ఏళ్ల ఇంజనీరు ఉండేవాడు. ఆఫీసులో ఆయనకు హో సార్ ముదీర్, అంటే మేనేజరు. పుస్తకం ప్రకారం మాత్రం చిన్న హో తాత వరస. అందుకని హో సార్ ఆయన్ను తిట్టాల్సి వచ్చినప్పుడు ముందు కుర్చీలోంచి లేచి నిలబడి తిట్టేవాడు. పర్శరాములన్నకు ఇది వింతగా తోచలేదు. "మా ఊర్ల గూడ నాలుగేండ్ల పోరడు నాకు చిన్నాయిన అయితడు" అన్నాడు.

ఇక అసలు కథ. హో సార్ వాళ్ల మొదటి అవ్వ మన దేశం పిల్ల అని వాళ్ల నమ్మకం. రెండు వేల ఏళ్ల కింద, అయుత అనే రాజ్యం నుంచి, పదహారేళ్ల రాకుమారి ఎర్ర తెరచాప కట్టిన ఓడలో వాళ్ల తీరానికి వచ్చింది. అలలు ఓడను తిప్పేయకుండా అడుగున రాళ్లు వేసుకుని వచ్చింది. అక్కడ గాయ అనే చిన్న రాజ్యానికి మొదటి రాజు సూరో. ఆ రాజును పెళ్లాడింది. పది మంది కొడుకులు. పోయే ముందు రాజును ఒకటే అడిగింది: నేను పరాయి నేల మీద పోతున్నాను, నా పేరు ఇక్కడ మిగలదు, ఇద్దరు పిల్లలకు నా ఇంటిపేరు ఇవ్వు అని. రాజు ఇచ్చాడు. ఆ ఇద్దరి సంతానమే ఈ హో వాళ్లు. మిగతా వాళ్లు తండ్రి ఇంటిపేరుతో కిం అయ్యారు. ఆ రాజ్యం తర్వాత పక్క రాజ్యంలో కలిసిపోయింది. ఆ తర్వాత ఎన్నో వంశాలు ఏలాయి. ఆఖరున యీ అనే ఇంటిపేరు వాళ్లు అయిదు వందల ఏళ్లు ఏలి, వాళ్లూ దిగిపోయారు. కానీ ఈ పుస్తకం ఆగలేదు. ఆ రాజు వంశపు కిం వాళ్లకూ ఈ హో వాళ్లకూ మధ్య పెళ్లిళ్లు కుదరవని పాత కట్టుబాటు. ఇంటిపేర్లు వేరైనా అన్నదమ్ముల పిల్లలు కదా.

ఇదంతా విని పర్శరాములన్న అడిగిన మొదటి ప్రశ్న, ఆమె ఎన్నేళ్లు బతికింది అని. నూట యాభై ఏడు అని పాత కథలో ఉందన్నాడు హో సార్.

"అన్నేండ్లల్ల తల్లిగారింటికి ఒక్కసారి గూడ పోలేదా?"

పోలేదు.

"మరి ఒడిబియ్యం ఎవరు పోసిన్రు?"

హో సార్‌కు అర్థం కాలేదు. అన్న వచ్చీరాని హిందీలో విడమరిచి చెప్పాడు. పెళ్లయి వెళ్లిన ఆడపిల్లను పుట్టింటివాళ్లు కొన్నేళ్లకోసారి పిలిచి, పసుపు కలిపిన బియ్యం ఒడిలో పోసి, చీర పెట్టి పంపుతారు. ఆమె వెనక మనుషులున్నారని అత్తగారింటికి తెలియడానికి. హో సార్, "ఎవరూ రాలేదు. రెండు వేల ఏళ్లు ఎవరూ రాలేదు" అన్నాడు. ఆ తర్వాత నవ్వి, "నువ్వొచ్చావు" అన్నాడు.

అంతే. ఆ రోజు నుంచి పర్శరాములన్న ఆఫీస్ బాయ్ కాదు. రాణిగారి పుట్టింటి మనిషి.

మన భాద్రపద పున్నమి నాటికి వాళ్లకు పెద్దల పండగ వస్తుంది. మన పెత్రమాస అమావాస్యకు, వాళ్లది పున్నమికి. 2021లో కరోనా ఆంక్షల వల్ల హో సార్ ఇంటికి పోలేకపోయాడు. అందుకని సైట్ ఆఫీసులోనే, పొద్దున పని మొదలయ్యే లోపు, మీటింగు గదిలో బల్ల వేసి పెద్దలకు పెట్టాడు. పెద్ద ప్లాను కాగితాన్ని తిరగేసి వెనక గోడకు తెరలా అతికించాడు. అన్నం, పండ్లు, మన కుడుముల్లాంటివే బియ్యప్పిండివి, చారు. ఆఫీసులో మద్యం కూడదు గనుక గిన్నెలో బార్లీ నీళ్లు. మొదటి అవ్వకు ఇళ్లలో పెట్టరట, వాళ్ల ఊళ్లో సమాధి దగ్గరే పెద్ద పూజ. కానీ ఈ సముద్రం ఒడ్డున ఉన్నన్నాళ్లు ఆమెకు కూడా ఒక గిన్నె పెడతానన్నాడు. ఆ గిన్నె మోకాళ్ల మీద కూర్చుని తనకు అందించే పని పర్శరాములన్నకు ఇచ్చాడు.

ఆ ఏడు అన్న తన వంతుగా పీచ్ పండ్లు తెచ్చాడు. ఎర్రగా, మెత్తగా బాగున్నాయని. హో సార్ ఆ పండ్లు చూసి, తీసి బల్ల సొరుగులో పెట్టాడు. పూజ అయ్యాక తీసి, కడిగి, ఇద్దరూ తిన్నారు. తినేటప్పుడు చెప్పాడు: ఈ పండు ఉన్న చోటికి పోయినవాళ్లు రారు, గడప దాకా వచ్చి వెనక్కి పోతారు, అందుకని పెట్టం. నీకెలా తెలుస్తుంది, పరవాలేదు. ఆ తప్పు సంగతి హో సార్ ఎవరికీ చెప్పలేదు. అన్న నాకు కూడా అప్పుడు చెప్పలేదు.

తర్వాత రెండేళ్లు కూడా గిన్నె ఆయనే అందించాడు. పసుపు కలిపిన బియ్యం తెల్లగుడ్డలో మూటగట్టి తీసుకెళ్లేవాడు. అది వాళ్ల పద్ధతిలో లేదు కనుక హో సార్ దాన్ని బల్ల మీద కాకుండా సముద్రం వైపు కిటికీలో పెట్టేవాడు. ఆమె ఓడ దిగి వచ్చే దారిలో అన్నమాట.

గౌరవ్వకు ఫోన్లో ఇది చెబితే ఊరుకుందా. "నీ సొంత చెల్లె బాలవ్వకు నీ చేతులతోని ఒడిబియ్యం పోసి పన్నెండేండ్లాయె" అంది. "రెండు వేల ఏండ్ల కింద సచ్చిన రాణికి మోస్తున్నవా మూట?" ఆమె గొంతు స్పీకరులో గదంతా వినపడింది. అందరం నవ్వాం. అన్న ఫోను చెవికి ఆనించుకుని బయటికి పోయాడు.

భార్గవ్ 2024 వేసవిలో వచ్చాడు. నెల్లూరు పిల్లవాడు, ఇరవై ఏడేళ్లు, ఇంజనీరు. నిజం చెప్పాలంటే మంచి పిల్లవాడు. వ్యాను దిగేటప్పుడు తలుపు తానే పట్టుకుని పెద్దవాళ్లు దిగాక దిగేవాడు. పర్శరాములన్నను మొదటిరోజే బాబాయ్ అన్నాడు. ఫోన్లో కొరియా సీరియళ్లు చూసి చూసి ఆ భాష మాట్లాడటం, చదవడం నేర్చుకున్నాడు. హో సార్‌కు వాళ్ల భాషలో నమస్కారం చెప్పాడు. ఆఖరు వంశం రాజుల పేర్లు, ఇరవై ఏడు మందివి, గడగడా వరసగా చెప్పాడు. హో సార్ చిన్నపిల్లవాడిలా చప్పట్లు కొట్టాడు.

ఆ రోజు నుంచి పర్శరాములన్నకు నిద్ర కరువైంది.

వ్యాన్‌లో మాటలు మారిపోయాయి. "ఇయ్యాల ఎంతసేపు ముచ్చట పెట్టిన్రో తెల్సా? నలభై నిమిషాలు. నేను గడియారం చూసిన." ఇంకోరోజు, "అద్దాల అవతల నవ్వుతున్రు తమ్మీ, నేను లోపటికి పోంగనే ఆపిన్రు." వాళ్లు టీ కోసం మాట ఆపి ఉంటారు అన్నాను. వినలేదు. "నేను మూడేండ్ల సంది నోటి మాటతోని ఒక్కొక్కటి ఏరుకున్నది వాడు పండుకుని ఫోన్ల చూసిండు" అనేవాడు. మొదట్లో ఒక ధైర్యం ఉండేది: పోరనికి ఆఖరి రాజులే తెలుసు, మొదటి అవ్వ నాకు మాత్రమే తెలుసు అని. ఒక మధ్యాహ్నం భార్గవ్ నోట ఎర్ర తెరచాప మాట వినపడింది. ఆ సాయంత్రం వ్యాన్‌లో అన్న కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు.

భార్గవ్‌కు టీ ఆఖరున ఇవ్వడం మొదలుపెట్టాడు. చల్లారాక ఇచ్చేవాడు. ఆ పిల్లవాడు ఒక్కసారి కూడా అడగలేదు, మైక్రోవేవ్‌లో వేడి చేసుకుని, "బాబాయ్ టీ బాగుంది" అని చెప్పి పోయేవాడు. అది అన్నను ఇంకా కాల్చేది. "వాడు నన్ను ఒక్క మాటన్నా అంటే బాగుండు" అన్నాడు నాతో. ఒకరోజు మోకాళ్ల నొప్పికని భార్గవ్ తైలం సీసా తెచ్చి పాంట్రీలో పెట్టి వెళ్లాడు. అన్న ఆ సీసా మూత తీయలేదు. పారేయనూలేదు. చక్కెర డబ్బా వెనక దాచాడు.

ఆగస్టులో హో సార్ ఇద్దరినీ పిలిచి చెప్పాడు. డిసెంబరులో తాను రిటైరై వెళ్లిపోతాడు. ఇక్కడ పెద్దల పండగ ఇదే ఆఖరు. మొదటి అవ్వకు ఇక్కడ ఎవరెవరు సేవ చేశారో ఈసారి తన నోటుబుక్కులో రాసుకుంటాడు, ఊరికి వెళ్లాక అది వంశం పుస్తకం పక్కన ఉంటుంది. పర్శరాములన్న గుండె ఒక్కసారి పైకి లేచింది. ఆ వెంటనే హో సార్ అన్నాడు: గిన్నె ఈసారి భార్గవ్ అందిస్తాడు. నీకు వేరే పని ఉంది, ఆ రోజు చెబుతాను.

రెండో మాట ఆయన చెవికి ఎక్కలేదు. మొదటి మాట దగ్గరే అంతా అయిపోయింది.

"డెబ్బై రెండు తరాల పుస్తకం తమ్మీ" అన్నాడు ఆ సాయంత్రం. "అండ్ల నా పేరు ఉంటదనుకున్న. మల్ల రెండు సేర్ల బియ్యం కాడనే ఆగింది."

పండగకు నాలుగు రోజుల ముందు భార్గవ్ పాంట్రీలోకి వచ్చాడు. అన్న కెటిల్ కడుగుతున్నాడు. పండ్లు నేను తెస్తానని సార్‌కు చెప్పాను, ఏవి తేవాలో మీకే కదా తెలుసు అని అడిగాడు. పర్శరాములన్న కుళాయి కట్టేసి, చేతులు తుడుచుకుని, తిరిగి చూడకుండా చెప్పాడు.

"పీచ్ పండ్లు తే. మొదటి ఏడు నేను అవే తెచ్చిన."

అబద్ధం కూడా కాదు. అదే ఆయన్ను తర్వాత ఎక్కువ బాధపెట్టింది. ఒక్క అబద్ధం ఆడకుండా చేశాడు ఆ పని.

ఆ నాలుగు రోజులూ ఆయన పొద్దున దీపం ముందు కూర్చోవడం మానేశాడు. గదిలో అలమరలో చిన్న మార్కండేయుడి పటం ఉండేది, వాళ్ల కులానికి మూలపురుషుడు. ఆ తలుపు తెరవలేదు. ఒళ్లు బాగాలేదా అన్నా అంటే లేదన్నాడు. మనిషి తప్పు చేసినప్పుడు దేవుడి కన్నా ముందు దేవుడి అలమరకు భయపడతాడని అప్పుడు అనిపించింది నాకు.

పండగనాడు పొద్దున అయిదున్నరకు వ్యాన్ తీశాను. పర్శరాములన్న నా పక్కన, ఒళ్లో బియ్యం మూట. వెనక సీట్లో భార్గవ్, కొత్త తువ్వాలులో ఆరు పండ్లు. కడిగి, తుడిచి, ఒకదానికొకటి తగలకుండా కాగితాలు పెట్టి తెచ్చాడు.

"ఈ పండు పెద్దలకు పెట్టకూడదని ఎక్కడో విన్నట్టు గుర్తు బాబాయ్" అన్నాడు దారిలో. "మళ్లీ అనుకున్నా, మూడేళ్లు పెట్టిన మనిషి మీరు. సీరియల్లో చూసిన నాకన్నా మీకు తెలీదా అని."

నేను పక్కకు చూశాను. అన్న మూట ముడి విప్పుతున్నాడు, కడుతున్నాడు. గేటు దాకా అదే పని. గేటు దగ్గర వాచ్‌మన్ సలాం చెప్పాడు. ఎవరు చెప్పినా చేయి ఎత్తి తిరిగి చెప్పే అన్న, ఆ రోజు చెప్పలేదు.

వాళ్ల పెద్దలను వాళ్లు తలుచుకునే పద్ధతి వాళ్లది. నేను ఏటా గడప బయట మెట్టు మీద కూర్చునేవాణ్ణి. తలుపు తెరిచే ఉంటుంది. బల్ల సర్దేసి ఉంది. బల్ల పక్కన పెద్ద ముదీర్ గదిలోని మెత్తటి కుర్చీ ఒకటి వేసి ఉంది. అది ఎందుకో మాకెవరికీ తెలియదు.

భార్గవ్ తువ్వాలు విప్పి పండ్లు బల్ల మీద పెట్టబోయాడు. హో సార్ చూశాడు. ముందు పండ్లను, తర్వాత భార్గవ్‌ను, తర్వాత పర్శరాములన్నను. అన్నను చూసినంతసేపు ఇంకెవరినీ చూడలేదు. ఆ పండు సంగతి తెలిసినవాళ్లు ఆ గదిలో ఇద్దరే అని ఆయనకు తెలుసు కదా. పండ్లు తీసుకుని మూడేళ్ల కిందటి ఆ సొరుగే లాగి, అందులో పెట్టి, మూశాడు.

సొరుగు మూసిన చప్పుడుకు పర్శరాములన్న నోరు తెరిచాడు.

"నేనే చెప్పిన సార్, తెమ్మని. తెలిసే చెప్పిన."

భార్గవ్‌కు మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక ముఖం చిన్నబోయింది. "ఎందుకు బాబాయ్?"

"గిన్నె నాది" అన్నాడు అన్న.

యాభై ఏడేళ్లు వచ్చిన మనిషి గొంతు కాదు అది. కూనపులి పటం ముందు నేల మీద కూర్చున్న పిల్లవాడి గొంతు.

హో సార్ ముందుకు వచ్చి, వంగి, పర్శరాములన్న మోకాలి మీద చేయి వేశాడు. పోయిన ఏడు గిన్నె అందించాక నువ్వు లేవలేకపోయావు, బల్ల పట్టుకుని లేచావు, నేను చూశాను అన్నాడు. అందుకే మోకాళ్ల మీద కూర్చునే పని కుర్రవాడికి ఇచ్చాను. కుర్చీ నీకోసం. పుట్టింటి పెద్ద వస్తే నిలబెడతామా, కూర్చోబెడతాం కదా. ముందే చెబితే, వద్దు సార్, నొప్పి లేదు అంటావని చెప్పలేదు.

అన్న తల ఎత్తలేదు. నా పేరు రాయకండి సార్ అన్నాడు. పుట్టింటి మనిషిని అని చెప్పుకుని పెద్దలు గడపలోకి రాకుండా చేయబోయాను అన్నాడు.

హో సార్ కొంతసేపు కిటికీలోంచి సముద్రం వైపు చూశాడు. "పది మంది కొడుకులు" అన్నాడు. "ఇద్దరికి తల్లి పేరు దక్కింది, ఎనిమిది మందికి దక్కలేదు. ఆ ఎనిమిది మంది ఏమనుకున్నారో పుస్తకంలో లేదు. నువ్వేమంటావు?"

పర్శరాములన్న కళ్లు తుడుచుకున్నాడు. "ఎవడో ఒకడు కుళ్లుకునే ఉంటడు సార్" అన్నాడు.

హో సార్ పెద్దగా నవ్వాడు. ఆ గదిలో ఆ పొద్దున నవ్వు ఎలా వచ్చిందో నాకిప్పటికీ ఆశ్చర్యమే. భార్గవ్ నవ్వలేదు. కానీ వచ్చి అన్న మోచేయి పట్టుకున్నాడు. "కూర్చోండి బాబాయ్. సార్ అరగంటే పర్మిషన్ తీసుకున్నారు" అని కుర్చీలో కూర్చోబెట్టాడు. బియ్యం మూట ఆయన చేతిలోంచి తీసుకుని తానే కిటికీలో పెట్టాడు.

పూజ జరిగింది. భార్గవ్ మోకాళ్ల మీద కూర్చుని గిన్నె అందించాడు. అన్న కుర్చీలో బిగుసుకుని కూర్చున్నాడు. ఆ మెత్తటి కుర్చీ తనకు ముళ్లకంప లాగా ఉండిందని తర్వాత చెప్పాడు. భార్గవ్ చేతిలో గిన్నె చూస్తుంటే అప్పుడు కూడా లోపల మండిందట. "అంత జరిగినంక గూడ సిగ్గు లేదు తమ్మీ ఈ పాడు మనసుకు" అన్నాడు.

అంతా అయ్యాక హో సార్ సొరుగు తీశాడు. నన్ను కూడా లోపలికి పిలిచాడు. నలుగురం నాలుగు పండ్లు తిన్నాం. మిగిలిన రెండూ భార్గవ్ తువ్వాలులో చుట్టి పర్శరాములన్న సంచిలో పెట్టాడు. పండు తియ్యగా ఉంది. చేదుగా ఉన్నా బాగుండేదని అన్న అనుకున్నాడట.

మధ్యాహ్నం హో సార్ నోటుబుక్కులో రాశాడు. పర్శరాములన్న అడిగితే, ఆ పేజీ ఫోటో తీసుకోనిచ్చాడు. సాయంత్రం వ్యాన్‌లో అన్న ఫోను వెనక్కి చాపి భార్గవ్‌ను చదవమన్నాడు.

భార్గవ్ చదివాడు. పర్శరాములు, మొదటి అవ్వ పుట్టింటి పెద్ద, మూడేళ్లు గిన్నె అందించినవాడు. తర్వాత భార్గవ్ అని.

"నాది ముందు ఉన్నదా?"

"మీదే ముందు బాబాయ్."

అన్న ఫోను జేబులో పెట్టుకుని, చేయి దాని మీదే ఉంచుకున్నాడు. మర్నాడు పొద్దున అలమర తలుపు తెరిచాడు. పాంట్రీలో చక్కెర డబ్బా వెనక తైలం సీసా సగమైంది. భార్గవ్‌కు టీ వేడిగా, అందరికన్నా ముందు వెళ్లింది. అది చూసి ఇంకొకరు నొచ్చుకున్నారు గానీ ఆ సంగతి వదిలేద్దాం.

హో సార్ డిసెంబరులో వెళ్లిపోయాడు. వెళ్లేరోజు ఆఖరి టీ కూడా రెండు చేతులతోనే తీసుకున్నాడు. పర్శరాములన్న మరుసటి ఫిబ్రవరిలో ఉద్యోగం ఖలాస్ చేసుకుని ఊరికి బయలుదేరాడు. విమానాశ్రయానికి నేనే తీసుకెళ్లాను. సంచిలో చెల్లెలు బాలవ్వకు చీర ఉంది. ఈసారి బియ్యం నా చేతులతో పోస్తాను, గౌరవ్వ నోరు మూతపడాలి అన్నాడు.

దారిలో ఆ ఫోటో తీసి చూసుకున్నాడు. అది నేను ఎన్నోసార్లు చూశాను. చదువురాని అక్షరాలను ఆయన వేలితో తడుముతుంటాడు. ఆ రోజు వేలు ఆయన పేరు మీద ఆగలేదు, దానికి ముందున్న వరస మీద ఆగింది.

"ఇది పోరని పేరు తమ్మీ" అన్నాడు. "వానిదే ముందున్నది. గిన్నె అందిచ్చినోని పేరు ముందు రాస్తరట. నాది తర్వాత."

ఎవరు చెప్పారన్నా అని అడిగాను. చిన్న హో చేత చదివించుకున్నాడట, పండగైన వారానికే.

"మరి భార్గవ్‌తో అనలేదా?"

"ఎందుకు అంటా. వాడు నాకోసం ఆడిన అబద్ధం మంచిగున్నది. దాన్ని ఎందుకు చెడగొట్టాలె." కాసేపు కిటికీలోంచి కొండలు చూశాడు. "కుళ్లు మొత్తం పోయిందనుకోకు. ఇది చూసినప్పుడల్ల ఇక్కడ ఇంత కాల్తది" అని గుండె మీద వేలి గోరంత చూపించాడు. "కానీ నా పేరైతే ఉన్నది. మా నాయిన పేరు గూడ ఉన్నది పక్కన. హో సార్ అడిగి రాసుకున్నడు."

తాత పేరు కూడా చెప్పావా అన్నా అంటే, చెప్పిన అన్నాడు. ముత్తాత పేరు అడిగితే తెలియదని చెప్పాడట. హో సార్ అక్కడ ఖాళీ వదిలి, తెలిస్తే ఫోన్ చెయ్యి అన్నాడట.

ఊరికి పోయాక ఆ కూనపులి వాళ్లను వెతుకుతానన్నాడు. పెదనాన్న ఇంటికి చదివిన ఏడు పేర్లలో ఒకటి పెదనాన్నది, మిగతా ఆరూ తన తాతలవే కదా.